తెల్లగుడ్డ వేసిన కుర్చీ

కుర్చీకి తెల్లగుడ్డ వేశారు. గాలికి ఎగిరిపోకుండా వెనకాల ముడి వేశారు. ఆ ముడిలో ఎవరో ఓ దేవగన్నేరు పువ్వు కూడా గుచ్చారు. లయనల్ గమగే దాన్ని చూసి ఉసూరుమన్నాడు. పొల్వత్త క్లబ్బు మైదానంలో అతనికి కూర్చోవాలని ఉండే చోటు వేరే ఉంది. రోలరు పక్కన అడ్డంగా పడేసిన కొబ్బరి మొద్దు అది. బ్యాటింగుకి దిగాల్సిన కుర్రాళ్ళు దాని మీద ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి కూర్చుంటారు, పక్కవాడి గ్లవ్స్ దాచేస్తారు, అవుటై వచ్చినవాడి పరువు తీస్తారు.

"ఎండలో నిలబడ్డారేం మహాత్తయా? ఇలా నీడలోకి రండి" అన్నాడు టైటస్.

మహాత్తయా అట! ఊళ్ళోకొచ్చిన డాక్టర్ని, పోలీసు అధికారిని పిలిచే పిలుపు. పిలిచిందేమో టైటస్. లయనల్ వేసిన బంతుల్ని ఏళ్ళ తరబడి వికెట్ల వెనక పట్టి పట్టి వేళ్ళన్నీ వంకర్లు తిరిగినవాడు. ఇప్పుడు పొద్దున్నే సముద్రం ఒడ్డున చేపల వేలం పాడతాడు, మధ్యాహ్నం నుంచి క్లబ్బు చూసుకుంటాడు. ఆ వంకర వేళ్ళతో వేలం పాటలో ధర చూపిస్తే ఎంతన్నాడో ఎవరికీ తెలీదని మావాళ్ళు నవ్వుతారు.

ఒకప్పుడు వాడి నోట్లో లయనల్ అనే పేరు కూడా ఉండేది కాదు. కొంగ. అంతే. పొడుగు కాళ్ళు, పొడుగు చేతులు, ఎడమచేత్తో స్పిన్ వేసేటప్పుడు ఒక కాలు ఎత్తి అర క్షణం ఆగేవాడు. "కొంగా, పట్టరా చేపని!" అని టైటస్ వికెట్ల వెనక నుంచి అరిస్తే, అవతలి బ్యాట్స్‌మన్ నవ్వొచ్చి కాలు ముందుకి వెయ్యడం మర్చిపోయేవాడు. దేశం జట్టు టోపీ పెట్టుకుని న్యూజిలాండ్‌లో ఆడొచ్చినా కొంగ కొంగే. పీచు మిల్లు పెట్టాక కూడా కొన్నాళ్ళు ఆ పేరు నడిచింది. జిల్లా క్రికెట్ సంఘానికి ప్రెసిడెంటయ్యాక మాత్రం దాన్ని ఎవరో ఊడ్చి పారేసినట్టు పోయింది.

ఆ ఆదివారం మ్యాచ్ మామూలు మ్యాచ్ కాదు. బజారు క్లబ్బు మీద గెలిస్తే పొల్వత్త మొదటి డివిజన్లో ఉంటుంది. ఓడితే రెండో డివిజన్లోకి పోతుంది. రెండో డివిజన్ మ్యాచ్‌లు సెలెక్టర్లు చూడరు, పేపరు వాళ్ళు రాయరు. పడవలు లాగే మధుకలాంటి కుర్రాడు ఎంత బాగా బంతి తిప్పినా, తిప్పింది చేపలకే తెలుస్తుంది. మధుకది కూడా ఎడమచెయ్యే. వాడి బౌలింగు చూసినప్పుడల్లా లయనల్ భుజం తనంతట తానే కదిలేది.

తెల్లవారుజామున వాన పడింది. నాలుగు గోనెపట్టాల కింద చుట్టి పెట్టినా పిచ్ మీద పరిచే మ్యాట్ తడిసి, ఏనుగు పిల్లంత బరువైంది. చిక్కటి కొబ్బరి పీచు మ్యాట్, లయనల్ మిల్లులోనే నేసింది. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు చొప్పున రెండు జట్ల వాళ్ళూ దాన్ని మోసుకొచ్చి దొర్లించారు. అంపైర్లిద్దరూ పక్కన నిలబడ్డారు. మా జిల్లాలో అది నిబంధన. మ్యాట్‌ని రెండు జట్ల మనుషులు కలిసి పరవాలి, అంపైర్లు చూస్తుండాలి, సంఘం అధికారులెవరూ చెయ్యి వెయ్యకూడదు. ఒకప్పుడు ఓ అధికారి తన ఊరి జట్టు కోసం భోజనాల వేళ మేకులు వదులు చేయిస్తే పెద్ద గొడవైంది. ఆ గొడవ తర్వాత ఈ నిబంధన పెట్టించింది కూడా లయనలే.

కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. మధ్య మేకులు పడ్డాయి. ఇటు చివర బాగానే బిగిసింది. సముద్రం వైపు చివర మాత్రం ముడత పోవడం లేదు. కుర్రాళ్ళు మూలలు పట్టుకుని లాగుతున్నారు. లాగేది చేతులతో. చేతులతో లాగితే తడి మ్యాట్ వస్తుందా? నడుం లాగాలి, మడమలు నేలలో పాతాలి. వాళ్ళు లాగడం, మేకు కొట్టడం, చెయ్యి వదలగానే ముడత మళ్ళీ లేవడం. సరిగ్గా బంతి పడే చోట.

"అయ్యో, అలా కాదురా" అని లోపలే అనుకున్నాడు. తంబిలి కొబ్బరిబొండం తెచ్చి చేతికిచ్చారు. తాగలేదు. టైటస్ వంగి మేకు పట్టుకుంటే సుత్తి జారి వాడి వంకర వేళ్ళ మీదే పడబోయింది. లయనల్ బొండం కింద పెట్టాడు. బూట్లు విప్పాడు. మేజోళ్ళు బూట్లలో కుక్కాడు. ప్యాంటు మడుస్తూ నడిచాడు.

తడి పీచు అరికాలికి గుచ్చుకుంది. అబ్బ, ఆ గుచ్చుకోవడం! ఎన్నాళ్ళయింది! మడమతో ముడతని తొక్కుతూ, దాన్ని చివరిదాకా తోసుకుంటూ వెళ్ళాడు. మూల పట్టుకున్న ఇద్దరిలో ఒకడు బజారు కుర్రాడు. వాడి భుజానికి భుజం ఆనించి, "నడుం, నడుం వెయ్యరా, పెళ్ళికూతురి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకున్నావేం?" అన్నాడు. వాడు పకపకా నవ్వాడు. అందరూ కలిసి లాగారు. మ్యాట్ మూలిగింది. లయనల్ సుత్తి అందుకుని రెండు దెబ్బల్లో మేకు దించేశాడు. మైదానం అంచు నుంచి ఎవరో ఈల వేశారు.

"చాలు మహాత్తయా" అన్నాడు టైటస్ మెల్లిగా, అంపైర్ల వైపు ఒక చూపు చూసి. "చాలు. ఇక మేం చూసుకుంటాం."

అరచేతిలో పీచు, గోళ్ళలో మట్టి. లయనల్ కుర్చీలోకి వచ్చాక కూడా చేతులు కడుక్కోలేదు.

పొల్వత్త గెలిచింది. సముద్రం వైపు చివర మధుక బంతి పడిందంటే చాలు, తాచుపాములా లేచేది. ఆఖరి వికెట్ పడగానే మావాళ్ళు లోపలికి దూకి మేకులు పీకి, మ్యాట్ చుట్టి, భుజాల మీద ఎత్తుకుని, బైలా పాట పాడుకుంటూ షెడ్డు వైపు ఊరేగించారు. మేం గెలిస్తే అదే ఆచారం, గెలిచిన మ్యాట్‌ని నేల మీద ఈడ్చం. లయనల్ లేచి రెండడుగులు వేశాడు, దాని కింద భుజం పెట్టాలని. ఎవరో గబగబా వచ్చి, "మీరెందుకు మహాత్తయా, బట్టలు పాడైపోతాయి" అని చెయ్యి పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టారు.

సోమవారం పొద్దున ఆప్పాలు, కొబ్బరి సంబోలు పళ్ళెంలో అలాగే ఉన్నాయి. లయనల్ అరచెయ్యి చూసుకుంటున్నాడు.

"బొబ్బ లేచింది. మిల్లులో అంతమంది మనుషుల్ని పెట్టుకుని మీరు సుత్తి పట్టారా?" అంది భార్య చిత్రాంగని.

"మిల్లులో కాదు."

"తెలుసులే. చేపల బజారంతా చెప్పుకుంటోంది. ప్రెసిడెంటు గారు బూట్లు విప్పి గంతులేశారట." నవ్వింది. నవ్వుతూనే వెన్న తెచ్చి అరచేతికి రాసింది. "నిన్న ఇంటికొచ్చినప్పుడు మీ మొహం చూస్తే, మన పెళ్ళికి ముందు ఉండేదే, ఆ మొహంలా ఉంది. అలాంటి మొహాన్ని చూసే పెళ్ళికి ఒప్పుకున్నాను. తర్వాత ఎక్కడ పారేశారో పారేశారు."

అతను ఏదో అనబోయేలోగా ఫోన్ మోగింది. సంఘం కార్యదర్శి సేనరత్. వృత్తికి లాయరు. అతను ఎప్పుడు మాట్లాడినా జడ్జి ఎదురుగా ఉన్నట్టే మాట్లాడతాడు.

"బజారు క్లబ్బు ఫిర్యాదు చేసింది సర్. సంఘం ప్రెసిడెంటే మ్యాట్ పరిచాడు, ఆ చివరే తమ వికెట్లు పడ్డాయి, మ్యాచ్ రద్దు చెయ్యాలి అంటున్నారు. బుధవారం కమిటీ. మీరు కంగారు పడకండి. మీరు ముడత చూడ్డానికి వెళ్ళారు. చూసి వచ్చారు. అంతే కదా?"

లయనల్ వెన్న రాసిన అరచేతిని గుప్పిట మూశాడు.

"అంపైర్లతో మాట్లాడాను. వాళ్ళకీ దూరం నుంచి సరిగ్గా కనపడలేదు. మేకు ఎవరు కొట్టారో గుర్తు లేదట."

"పక్కనే నిలబడ్డారు కదయ్యా!"

"గుర్తు లేదు సర్" అన్నాడు సేనరత్, ప్రతి మాటా నొక్కి. "మీరు కూడా గుర్తు తెచ్చుకోకండి."

మంగళవారం మధ్యాహ్నం టైటస్ మిల్లుకి వచ్చాడు. తాడు పేనే ఆడవాళ్ళ మధ్య నుంచి, నానబెట్టిన కొబ్బరి డొక్కల వాసనలోంచి నడిచొచ్చి, ఆఫీసు గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. చేతిలో అరిటాకులో చుట్టిన చేప. లయనల్ లేచి నిలబడ్డాడు. టైటస్ కంగారుగా, "కూర్చోండి, కూర్చోండి" అన్నాడు.

"నువ్వు కూర్చో ముందు."

"పర్లేదు మహాత్తయా. బట్టలకి చేప నీళ్ళంటాయి."

చివరికి ఇద్దరూ నిలబడే ఉన్నారు. బయట పేనే మిషన్లు గిర్రున తిరుగుతున్నాయి. ఒకామె పీచు అందిస్తూ వెనక్కి నడుస్తోంది, తాడు ఆమె వేళ్ళలోంచి సాగుతోంది. టైటస్ దాన్ని చూస్తూ మాట్లాడాడు.

"ఊళ్ళో అందరం ఒక మాట అనుకున్నాం. మీరు కుర్చీలోంచి లేచారు, చూశారు, వెళ్ళి కూర్చున్నారు. మేకు కొట్టింది నేను. నా చెయ్యి చూపిస్తా, ఈ చేతికి ఏ దెబ్బ ఎప్పటిదో ఎవడు చెప్పగలడు?"

"బజారు కుర్రాడు నా పక్కనే ఉన్నాడు కదరా. నవ్వాడు కూడా."

"వాడొక్కడి మాట ఎవరు నమ్ముతారు? మీరు కాదంటే కాదు." టైటస్ గొంతు తగ్గించాడు. "మధుక రాత్రి నిద్రపోలేదట. ఈ ఏడు సెలెక్టర్లు తప్పకుండా వస్తారని మీరే అన్నారు. వాళ్ళ నాన్న వాణ్ణి చేపల పడవ ఎక్కించకుండా ఆగింది కూడా ఆ మాట మీదే, ఇంకో ఏడాది వాడు ఆడనీ అని. మీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా."

"ఆ మాటలొద్దు."

"మరి చెప్తారా?"

లయనల్ బొబ్బ మీద బొటనవేలు రాసుకున్నాడు. వీళ్ళు అడిగేది చిన్న అబద్ధమే. అంతకంటే పెద్దవి అతను మిల్లు లైసెన్సు కోసం చెప్పాడు, ఎన్నికల్లో ఓట్ల కోసం చెప్పాడు, ఒక్కరోజు కూడా నిద్ర చెడలేదు. మరి ఇది ఎందుకు గొంతులోంచి రావడం లేదు? ఆ ఆదివారం నేను కుర్చీలోనే ఉన్నానని చెప్పాలి. కాలికి పీచు గుచ్చుకోలేదు. భుజానికి భుజం ఆనలేదు. ఈల నాకు వెయ్యలేదు. ఇన్నేళ్ళలో తనదనిపించిన ఆ కాస్త సమయాన్నీ తనే కాదనాలి.

"ఆలోచిస్తాను" అన్నాడు.

టైటస్ తల ఊపి, చేపని బల్ల మీద పెట్టాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగాడు. ఏదో పాత మాట నాలుక దాకా వచ్చినట్టే ఉంది. మింగేశాడు. "వస్తా మహాత్తయా" అన్నాడు.

బుధవారం కమిటీ కూర్చుంది. బజారు క్లబ్బు కెప్టెను, ఆ రోజు మ్యాట్ మూల పట్టుకుని నవ్విన కుర్రాడే, తమకి అన్యాయం జరిగిందని నిలబడి చెప్పాడు. వయసులో చిన్నవాడు, గొంతు వణికింది. ప్రెసిడెంటు మీద ఫిర్యాదు చెయ్యడమంటే వాడికీ భయమే. అంపైర్లు గుర్తు లేదన్నారు. టైటస్ మేకు తనే కొట్టానన్నాడు. ఆ కెప్టెను వాళ్ళ మొహాల్లోకి ఒక్కొక్కరి వంకా చూసి, "నేను పక్కనే ఉన్నాను సర్. నా ఎదురుగానే..." అని ఆగిపోయాడు. ఏం లాభం అన్నట్టు కూర్చున్నాడు. లయనల్ వాడి మీంచి చూపు తిప్పుకున్నాడు.

సేనరత్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "అయితే మన ప్రెసిడెంటు గారు కేవలం పరిశీలనకి..."

"కాదు" అన్నాడు లయనల్. "తొక్కాను. లాగాను. మేకు కూడా నేనే కొట్టాను."

సేనరత్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. టైటస్ తల వంచుకుని తన వేళ్ళు చూసుకున్నాడు.

"రెండు దెబ్బలే" అన్నాడు లయనల్ మళ్ళీ. ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలీదు. అందులో కొంచెం గర్వం వినపడింది. గదిలో అందరికీ వినపడింది.

మ్యాచ్ రద్దయింది. వచ్చే ఆదివారం మళ్ళీ ఆడాలన్నారు. ప్రెసిడెంటు మీద చర్య అని ఒకాయన గొణిగాడు, ఎవరూ అందుకోలేదు. ప్రెసిడెంట్ల మీద చర్యలు మా దగ్గర అంత తేలిగ్గా జరగవు.

మళ్ళీ ఆదివారం. ఎండ. వాన లేదు. మ్యాట్ ఎండి చక్కగా, చదునుగా పరుచుకుంది. అంపైర్లు ఈసారి మేకు మేకుకీ వంగి చూశారు. తెల్లగుడ్డ కుర్చీ వేశారు. పువ్వు గుచ్చలేదు. లయనల్ రోజంతా అందులోనే కూర్చున్నాడు, కాలు కాలు మీద వేసుకుని, బూట్ల లేసులు గట్టిగా కట్టుకుని.

మధుక బంతి తిరగలేదని కాదు. తిరిగింది. అయితే వాడి మొహంలో కళ లేదు. క్యాచ్ వదిలిన ఫీల్డర్ని ఏమీ అనలేదు, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. బజారు వాళ్ళు న్యాయంగా ఆడారు, న్యాయంగా గెలిచారు. ఆ కుర్ర కెప్టెను ఆఖరి పరుగు తీసి, బ్యాటు ఎత్తకుండా నేరుగా లయనల్ దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. "థాంక్స్ సర్. ఆ రోజు మీరు చెప్పకపోతే ఈ ఆటే మానేద్దామనుకున్నా."

లయనల్ వాడి భుజం తట్టాడు. తట్టేసరికి, వాడి వెనకాల టైటస్ కనపడ్డాడు. ప్యాడ్ల సంచీ ఈడ్చుకుంటూ వస్తున్నాడు. సంచీ అక్కడే వదిలేశాడు.

"అయిందా?" అన్నాడు. "సంతోషమా?"

"టైటస్..."

"నిజం చెప్పావు. చాలా గొప్పోడివి. ఊరంతా నీ కోసం అబద్ధం ఆడడానికి సిద్ధపడితే, నువ్వు మాత్రం నిజం చెప్పావు. నిజం కోసం చెప్పావురా నువ్వు? అక్కడ కూర్చుని, రెండు దెబ్బల్లో దించాను అన్నావే, నేను వినలేదనుకున్నావా? నీ సరదా కోసం చెప్పావు! నేను ఇంకా ఆటగాణ్ణేనని పదిమందికీ చెప్పుకోడానికి చెప్పావు! మధుక రేపు పడవెక్కుతాడు, నువ్వు కారెక్కుతావు. ఒరే కొంగా, సిగ్గుందట్రా నీకు? ముసలి కొంగా, మా నోట్లో మట్టి కొట్టి పోయావు కదరా!"

మైదానంలో ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. మ్యాట్ చుడుతున్న కుర్రాళ్ళు సగంలో వదిలేశారు. ఎవరో తంబిలి బొండం కొడుతున్న కత్తి కూడా ఆగింది.

ప్రెసిడెంటుకి కోపం రావాలి. అందరూ అదే చూస్తున్నారు. లయనల్‌కి మాత్రం రాలేదు. కొంగా అన్నాడు. ఒరే అన్నాడు. తప్పు తనదే, అందులో అబద్ధం ఒక్కటీ లేదు, గుండె కోసేసే మాటలే అన్నీ. అయినా ఆ పిలుపు చెవిలో పడగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవునురా, నా సరదా కోసమే చెప్పాను, అందామనుకున్నాడు. ఆ కుర్రాడి గొంతు వణకడం చూడలేకా చెప్పాను, రెండూ నిజమేరా అందామనుకున్నాడు. ఇంకో అడుగు ముందుకి వేశాడు, దగ్గరికెళితే వాడు చొక్కా పట్టుకుంటాడేమోనని. పట్టుకుంటే బాగుండుననిపించింది.

టైటస్ చుట్టూ చూశాడు. అంత నిశ్శబ్దం చూసి అప్పుడు తెలివిలోకి వచ్చినట్టు వచ్చాడు. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. మొహంలో ఎరుపు దిగిపోయింది. వంకర వేళ్ళు ఒకదానికొకటి చుట్టుకున్నాయి.

"తప్పయింది మహాత్తయా" అన్నాడు. "ఏదో కడుపుమంటలో నోరు జారాను. మనసులో పెట్టుకోకండి."

"టైటస్, అలా కాదు..."

"ఎండకి నిలబడ్డారు. కూర్చోండి." వెనక్కి తిరిగి కేకేశాడు. "ఒరే, మహాత్తయాకి బొండం తీసుకురండ్రా!"

కత్తి మళ్ళీ కదిలింది. కుర్రాళ్ళు మ్యాట్ చుట్టడం మొదలుపెట్టారు. ఓడిన మ్యాట్‌ని భుజాల మీద ఎత్తుకోరు, పాట పాడరు. నేల మీద దొర్లించుకుంటూ షెడ్డు వైపు తోసుకెళ్ళారు. టైటస్ కూడా వంగి ఒక చివర చెయ్యి వేశాడు.

ఇంకో నాలుగు తిట్టరా అని అడగాలని లయనల్‌కి ఎంతగానో అనిపించింది. ఎవరో బొండం తెచ్చి రెండు చేతులతో అందించారు. అతను రెండు చేతులతో అందుకుని, వెనక్కి జరిగి, తెల్లగుడ్డ వేసిన కుర్చీలో కూర్చున్నాడు.